ఎడమ చెయ్యి

(సంఘం పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నెల కిందట మన కార్యదర్శిగారు ఫోను చేసి, "ఈసారి డిసెంబరు 17న మీరు ఇరవై నిమిషాలు మాట్లాడాలి" అన్నారు. డీఏ బకాయిల గురించా, హెల్త్ కార్డుల గురించా అని అడిగాను. "వాటికి నలుగురున్నారు, మీరు ఆ మద్దెల సంగతి చెప్పండి" అన్నారు. మద్దెల కాదు, మృదంగం అని సవరించాను. ముప్ఫై అయిదేళ్లు డ్రాఫ్టులు దిద్దిన వాడిని, ఆ గుణం పోదు.

1982లో ఇదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు మనందరికీ కంఠతా వచ్చు. పింఛను భిక్ష కాదని చెప్పిన తీర్పు అది. అయితే పింఛనుతోపాటు చేతికొచ్చే పొద్దును ఏం చేసుకోవాలో ఏ కోర్టూ చెప్పలేదు. నేను 2008లో రిటైరయ్యాను. మొదటి ఏడాది పేపరు మొదటి పేజీ నుంచి టెండరు ప్రకటనల దాకా చదివి, మా ఆవిడ వంటలో తప్పులు పట్టి, ఇంట్లో అందరికీ విసుగు పుట్టించాను. రెండో ఏడాది వరద వచ్చింది.

2009 అక్టోబరు 2 తేదీ ఈ సభలో కర్నూలు వాళ్లెవరూ మరచిపోరు. తుంగభద్ర, హంద్రి రెండూ కలిసి ఊళ్లోకి వచ్చాయి. మా ఇల్లు పాతబస్తీలో ఉండేది. ఒంటిమీది బట్టలతో బయటపడి, నీళ్లు తీసిన తర్వాత వచ్చి చూసుకుంటే నడుం లోతు బురద. పెళ్లి ఫొటోలు, పిల్లల సర్టిఫికెట్లు, నేను జాగ్రత్తగా దాచుకున్న జీవోల కాపీలు అన్నీ ముద్దయిపోయాయి. నీళ్లు అటకకు జానెడు కింద ఆగాయి. అటకమీద మిగిలినవి మూడే మూడు: ఒక ఇత్తడి గంగాళం, చెరిగే చేట, పాత దుప్పటిలో చుట్టిన మా నాయన మృదంగం.

మాది కడప జిల్లా, ఒంటిమిట్టకు దగ్గరి పల్లె. మా నాయన ఎలిమెంటరీ స్కూలు పంతులు. ఊరి భజన మందిరంలో మృదంగం ఆయనదే. శ్రీరామనవమి ఉత్సవాలకు మా ఊరి భజన బృందం ఒంటిమిట్ట పోయేది. ఒంటిమిట్టలో కల్యాణం రాత్రిపూట, వెన్నెట్లో. ఆ రాత్రుల్లో నాయన పక్కన కూర్చొని, ఆ చప్పుడు వింటూ ఎన్నిసార్లు నిద్రపోయానో. నాకు పదిహేడేళ్లప్పుడు ఆయనే, "కూర్చోరా, నాలుగు దెబ్బలు నేర్పిస్తా" అన్నాడు. నాకు టైపు లోయరు పరీక్ష దగ్గర పడింది. "టైపు వస్తే ఉద్యోగం వస్తుంది, మద్దెల వస్తే ఏమొస్తుంది నాయనా?" అన్నాను. చూశారా, ఆ రోజు నేనూ మద్దెలనే అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు. 1979లో పోయాడు. మృదంగం అటకెక్కింది.

బురద కడిగిన ఇంట్లో దాన్ని దించి దుప్పటి విప్పితే వార్లు ఎండి కట్టెలయ్యాయి, ఎడమ మూత చినిగింది. పనస కట్టె మాత్రం దిట్టంగా ఉంది. నేర్చుకుంటానని ఆ పూటే అనుకున్నాను. కారణం చెప్పమంటే చెప్పలేను. వరద తర్వాత ఊళ్లో చాలామంది చాలా చిత్రమైన పనులు చేశారు, అందులో ఇదొకటి.

గురువు దొరకడమే కష్టమైంది. సంగీతం చెప్పే ఒకాయన దగ్గరికి పోతే, "ఎవరికండీ, మనవడికా?" అన్నాడు. నాకే అంటే నా చేతులకేసి చూసి, సెలవుల తర్వాత కనపడమన్నాడు. అరవై ఏళ్లవాడికి చెబితే పేరు రాదు, పేరు తెచ్చే ఎనిమిదేళ్ల పిల్లలు వరండాలో కూర్చొని ఉన్నారు. ఆయన్ని తప్పుపట్టను.

అప్పుడు మా ఆఫీసు అటెండరు గుర్తుకొచ్చాడు. ఇక్కడినుంచి కొంచెం ఇబ్బందిగా ఉంటుంది, ఓర్చుకోండి.

ఆయనది మేళగాళ్ల కుటుంబం. తాతల నాటి నుంచి గుళ్లో డోలు. నాన్నగారి దగ్గర మృదంగమూ నేర్చాడు. మా ఆఫీసులో టప్పాలు పంచుతూ, ఫైళ్లు మోస్తూ, టీ తెస్తూ, ముహూర్తాలొస్తే పెళ్లి మేళంలో డోలు వాయించేవాడు. 1986లో ఒక మాఘమాసంలో సెలవు చీటీ పంపకుండా తొమ్మిది రోజులు రాలేదు. సెక్షనులో సీనియర్ అసిస్టెంటును నేను. అనధికార గైర్హాజరని, ఇది మొదటిసారి కాదని, ఉపేక్షిస్తే మిగతా సిబ్బందికి అలుసవుతుందని చక్కటి ఇంగ్లీషులో నాలుగు పేరాల నోటు పెట్టాను. ఒక ఇంక్రిమెంటు ఏడాదిపాటు నిలిపేశారు, క్యుములేటివ్ ఎఫెక్ట్ లేకుండా. ఆ నోటు చూసి సూపరింటెండెంటుగారు నా ఇంగ్లీషును మెచ్చుకున్నారు. ఆ మెప్పు కోసమే రాశానా అంటే, నిజం చెబుతున్నాను, సగం దానికే.

అదే మనిషి ఇంటికి 2010 జనవరిలో పోయాను. ఆయన రిటైరై మూడేళ్లు. నన్ను చూసి గబగబా లేచి కుర్చీ తుడిచాడు. "ఏం సార్ ఇట్ల వచ్చినారు? పింఛను కాగితాలేమన్నానా?" అన్నాడు. సంచిలోంచి మృదంగం తీశాను. దాన్ని ఒళ్లో పెట్టుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "మంచి కట్టె సార్. ఎవరిది?" అన్నాడు. చెప్పాను. నేర్పమని అడిగాను. నవ్వుతాడేమో అనుకున్నాను, నవ్వలేదు. "కింద కూర్చోగలరా?" అని మాత్రం అడిగాడు.

పేరు చెప్పకుండా ఆయన, ఆయన అంటున్నానని అనుకోవద్దు. ఆయన మన సంఘం సభ్యుడే, ఈ హాల్లోనే ఉన్నారు. పేరు చెబితే లేచి పోతానన్నారు. వేదికమీదికి రమ్మంటే రానన్నారు. కాబట్టి ఎవరూ వెనక్కి తిరిగి చూడకండి.

ముందు మృదంగానికి వైద్యం కావాలి. కడపలో మూతలు వేసే ఒక పెద్దమనిషి ఉన్నాడని ఆయనే చెప్పారు. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా బస్సులో దాన్ని పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఒళ్లో పెట్టుకొని పోయాను. ఆ ఇంటి ముందు తోళ్లు ఆరేసి ఉన్నాయి, వాసన కొడుతోంది. ఆవు, మేక, ఎనుము, మూడు రకాల తోళ్లు పడతాయి ఒక మృదంగానికి. మా నాయన దానికి రోజూ పసుపు కుంకుమ పెట్టి దండం పెట్టేవాడు. ఆ తోళ్లు కోసి, నానబెట్టి, వార్లు లాగే మనిషి మాత్రం మా ఊళ్లో మా గడప తొక్కలేదు. ఆ పెద్దమనిషి చెంబుతో నీళ్లిస్తే తాగాను. అదేదో ఘనకార్యమని చెప్పడం లేదు, అరవై ఏళ్లకు గానీ నాకు ఆ సందర్భమే రాలేదని చెబుతున్నాను. ఈ వాద్యం చేసేవాళ్ల గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అని ఒక పుస్తకం రాశారు. పాల్ఘాట్ మణి అయ్యర్‌గారి మృదంగాలు చూసుకున్న పర్లాందు సంగతి అందులో ఉంది. ఆసక్తి ఉన్నవాళ్లు తెప్పించుకోండి.

కుడి మూతమీద నల్లటి చందమామ లాంటిది ఉంటుంది కదా. ఇనుప రాతి పొడీ, మెత్తగా ఉడికిన అన్నమూ కలిపి, పొరమీద పొర వేసి, రాయితో రుద్దుతూ ఎక్కిస్తారు. ఒక్కో పొర ఆరాలి. ఆ పెద్దమనిషి పొద్దున కూర్చుంటే సాయంత్రానికి లేచాడు. మామూలు డప్పు మోతలో స్వరం తేలదు, మృదంగంలో మాత్రం షడ్జమం స్పష్టంగా పలుకుతుంది. ఎందుకని సర్ సి.వి. రామన్ పరిశోధించి 1920లోనే 'నేచర్' పత్రికలో రాశారు. నడిమధ్యన ఆ బరువు ఉండబట్టి, మూలనాదానికి పైన పుట్టే నాదాలు రెండింతలు, మూడింతలు అని లెక్క ప్రకారం ఒక వరసలో నిలబడతాయట. నోబెల్ బహుమతికి పదేళ్ల ముందటి మాట ఇది. కడపలో ఆ పెద్దమనిషికి రామన్ పేరు తెలియదు. చెవి దగ్గర పెట్టుకొని వేలితో మీటి, "ఇంకో రెండు పొరలు కావల్ల" అన్నాడంతే.

ఎడమ మూతకు ఆ నలుపు ఉండదు. దానికి వాయించే ముందు బొంబాయి రవ్వ నీళ్లతో ముద్ద చేసి, మధ్యలో అంటించాలి. రవ్వ ఎక్కువైతే నాదం దిగుతుంది, తక్కువైతే డొల్లగా మోగుతుంది. వాయించాక గీకి తీసేయాలి. మా ఇంట్లో మొదటి గొడవ ఈ రవ్వతోనే. మా ఆవిడ ఉప్మాకు డబ్బా తీస్తే అడుగున పిడికెడుంది. "తింటారా, తోలుకు పూస్తారా, ఏదో ఒకటి చెప్పండి" అంది. అప్పటినుంచి మా ఇంట్లో రెండు డబ్బాలు. మృదంగం డబ్బామీద నేనే చీటీ రాసి అంటించాను.

ఇక మన సీమ ఎండలు. తంజావూరులో వాయించేవాళ్లకు ఈ బాధ ఎంతుంటుందో గానీ, కర్నూల్లో ఏప్రిల్ నెలలో ఫ్యాను కింద కూర్చుంటే రవ్వ పావుగంటలో ఆరి పెచ్చులు లేస్తుంది. కుడి మూత ఎండకు బిగిసి శ్రుతి పైకి పోతుంది. రాయి, కట్టె పెట్టుకొని అంచు మీద కొట్టుకుంటూ దాన్ని దించాలి. ఎడమ దానికి పక్కన నీళ్ల గిన్నె పెట్టుకొని తడుపుతూ ఉండాలి. సంగీతం సగం, నీటిపారుదల సగం.

పాఠం 'త ధి తొం నం'తో మొదలు. నాలుగే మాటలు, మూడు నెలలు. నాకు టైపు వచ్చు కాబట్టి వేళ్లు తొందరగా లొంగుతాయని గర్వపడ్డాను. కుడి చెయ్యి నిజంగానే లొంగింది. ఆర్నెల్లకు 'తకధిమి', 'తకిట', 'తక తకిట' అన్నీ వరసగా పలికించాను. అయిదుకు ఖండం, ఏడుకు మిశ్రం అని లెక్కలు చెబుతుంటే మనకు ఆనందమే కదా, లెక్కలు మన వృత్తి. తప్పిందల్లా ఎడమ చెయ్యి. కుడి చెయ్యి ఏం చేస్తే ఎడమ చెయ్యి దాన్నే చేస్తుంది. లేదంటే ఊరుకుంటుంది. పైగా దాని పని చూస్తే పెద్దగా ఏమీ లేనట్టే ఉంటుంది. మూసి ఒక దెబ్బ, తెరిచి ఒక దెబ్బ, అప్పుడప్పుడు అరచేతి అడుగుతో నొక్కి జరిపితే మూలిగినట్టు 'గుం' అని వచ్చే ఒక నాదం. దాన్ని గుమికీ అంటారు. ఆ గుమికీ నాకు రెండున్నరేళ్లు రాలేదు. వచ్చిన రోజు మా వీధి కుక్క లేచి చూసింది, ఇంకెవరూ గమనించలేదు.

"సార్, మీరు కుడి చెయ్యే వింటాండారు" అనేవారాయన. "పాడేటోళ్లు నిలబడేది ఎడమ చెయ్యి మీద. అది వాళ్లకు నేల." నాకది మాటగా అర్థమైంది, చేతికి అర్థం కాలేదు. అరవై దాటాక నేర్చుకోవడంలో కష్టం ఇదే. చిన్నపిల్లలకు ముందు చేతికి వస్తుంది, తర్వాత బుర్రకు. మనకు బుర్రకు వెంటనే వచ్చేస్తుంది, వచ్చిందనుకొని కూర్చుంటాం.

మూడో ఏడు ధనుర్మాసంలో మా కాలనీ రామాలయంలో తెల్లవారుజామున భజనకు మృదంగం వాయించే అబ్బాయికి జ్వరం. నన్ను కూర్చోబెట్టారు. చలి, చేతులు కొయ్యలు. మొదటి రెండు కీర్తనలు బాగానే పోయాయి. మూడోదానికి ఉత్సాహం వచ్చింది. కాలం పరుగెత్తడం మొదలుపెట్టింది, నాకు తెలియడం లేదు, బాగా వాయిస్తున్నానని అనుకుంటున్నాను. పాడుతున్న పెద్దమ్మకు డెబ్భై ఏళ్లు. పాపం ఆమె చరణం మధ్యలో ఊపిరి అందక చేతితో సైగ చేసింది. తాళాలవాళ్లు నన్ను పట్టుకోవడానికి పరుగో పరుగు. కీర్తన ముగిసేసరికి పూజారిగారు కూడా హారతి తొందరగా తిప్పారని తర్వాత అన్నారు, వేళాకోళమో నిజమో. ఆయన వెనక స్తంభానికి ఆనుకొని కూర్చొని ఉన్నారు. బయటికొచ్చాక ఏమంటారోనని బెరుగ్గా చూశాను. "మార్చి ముప్ఫయ్యొకటిన బిల్లులు పాస్ చేసినట్టుంది సార్" అన్నారు.

ఆ నవ్వులో నాకు ధైర్యం వచ్చింది. మర్నాడు పాఠానికి పోయి, మృదంగం ముందు పెట్టుకొని, చెప్పేశాను. 1986లో మీ ఇంక్రిమెంటు ఆపమని నోటు పెట్టింది నేను అని. మూడేళ్లు ఆయన దగ్గర పాఠం చెప్పించుకుంటూ ఆ మాట కడుపులో పెట్టుకున్నాను. ఇంట్లో మా ఆవిడకు కూడా చెప్పలేదు.

ఆయన రవ్వ పిసుకుతున్నారు. పిసకడం ఆపలేదు. "తెలుసు సార్" అన్నారు.

"ఎట్ల తెలుసు?"

"ఆ ఫైలు దొరగారి రూములోకి మోసుకపోయింది నేనే గదా. మీ చేతిరాత నాకు తెలవదా? టైపు చేసే అమ్మ చదివి చెప్పింది."

నేను ఏదో అనబోయాను. క్యుములేటివ్ ఎఫెక్ట్ లేకుండానే కదా అని నోటిదాకా వచ్చింది. ఇన్నేళ్లూ నాకు నేను చెప్పుకున్న సమాధానం అదే. ఏడాది తర్వాత ఇంక్రిమెంటు కలిసిపోయింది, పింఛనుకు నష్టం లేదు, లెక్క సరిపోయింది అని.

ఆయనే అన్నారు: "దుడ్లు మల్లా వచ్చినాయి సార్. అది కాదు. ఆ మీదట ముహూర్తాలకు పోను భయమాయ. రెండేండ్లు పోలా. మేళంలో ఇంకొకన్ని పెట్టుకున్నారు. నా జాగా పాయ." ఎడమ మూతమీద రవ్వ అంటించి, వేలితో తట్టి చూసి, మృదంగం నా వైపు జరిపారు. "ఆరిపోతాది, ఎత్తుకోండి. విలంబంలో."

ఆ పూట ఒక గంట వాయించాను. ఆయన చేతితో తాళం వేస్తూనే ఉన్నారు. ఆ గంటలో ఒక్కసారి కూడా నా కాలం పరుగెత్తలేదు. పరుగెత్తడానికి నాలో ఏమీ మిగల్లేదు. క్షమాపణ చెప్పానా అంటే, చెప్పాను, లేచేటప్పుడు. "సరే సార్, రేపు ఎప్పటికి వస్తారు?" అన్నారు. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి ఆయన అనుమతి తీసుకున్నాను. పత్రికలో వేసుకోమన్నారు, పేరు వేయొద్దన్నారు.

ఇక మా మనవడి సంగతి చెప్పి ముగిస్తాను. మా అమ్మాయి కొడుకు, బెంగుళూరులో ఇంజినీరింగు చదివేవాడు. 2020 ఉగాదికని నాలుగు రోజులు ముందుగా వచ్చాడు. ఉగాది మార్చి 25, ఆ రోజే దేశమంతా లాక్‌డౌన్. మన కర్నూలు పరిస్థితి ఎంత ఘోరంగా ఉండిందో మీకు చెప్పక్కర్లేదు. మూడు నెలలు ఇంట్లోనే ఉండిపోయాడు. వాడి వెంట ఒక గిటారు. మామూలు గిటారు కాదు, నాలుగే తీగలు, లావుగా ఉన్నాయి. బాస్ గిటారట. వాడికి పిచ్చి జాజ్ అనే సంగీతం. అమెరికాలో న్యూ ఆర్లియన్స్ నగరంలో నల్లజాతివాళ్లు పుట్టించిన సంగీతం అది, వందేళ్లు దాటింది. అందులో మొదట్లో ఈ పని చేసేది మనిషంత ఎత్తున్న పెద్ద ఫిడేలు లాంటి వాద్యం, నిలబడి వేళ్లతో మీటుతారు.

నేను మృదంగం తీస్తే వాడు నవ్వేవాడు, వాడు గిటారు తీస్తే నేను నవ్వేవాణ్ని. ఒకరోజు వాడే, "తాతా, ఇది వినండి" అని చెవులకు పెట్టాడు. 1959లో మైల్స్ డేవిస్ అనే ట్రంపెట్ విద్వాంసుడు చేసిన 'కైండ్ ఆఫ్ బ్లూ' అనే రికార్డు. మొదటి పాటలో పియానో, బాస్ కాసేపు ఏదో మెల్లగా గొణుక్కుంటాయి. తర్వాత బాస్ ఒక ప్రశ్న లాంటిది వేస్తుంది. మిగతా వాద్యాలు రెండే ముక్కల్లో జవాబిస్తాయి. మళ్లీ ప్రశ్న, మళ్లీ జవాబు. ఎప్పుడూ వెనక ఉండేది ముందుకొచ్చి అడుగుతోంది. వాయించినాయన పేరు పాల్ ఛాంబర్స్. 1969లో 33 ఏళ్లకే పోయాడట. ఆ తర్వాత ట్రంపెట్ వస్తుంది. అందరూ దాన్నే వింటారు. మనవడు, "దాన్ని వదిలేయండి తాతా, కిందది వినండి" అన్నాడు. విన్నాను. ఆవర్తానికి నాలుగు అడుగులు, అడుగుకొక స్వరం, ఆగకుండా నడుస్తూనే ఉంది. నడిచే బాస్ అంటారట దాన్ని. నాకు పక్కన ఆయన గొంతు వినపడింది: "మీరు కుడి చెయ్యే వింటాండారు సార్."

ఇంత దూరం పోనక్కర్లేదు, ఇళయరాజా పాటల్లో వినండి, 1989 నాటి 'గీతాంజలి' పాటలు పెట్టుకొని పల్లకీని వదిలి బోయీల అడుగులు వినండి, తెలుస్తుంది. ముప్ఫై ఏళ్లు ఆ పాటలు విన్నాను, కింద ఎవరో నడుస్తున్నారని నాకు తెలియనే తెలియదు.

వాడి దగ్గర ఆ గిటారూ కొంచెం పట్టాను. డెబ్భైలో మళ్లీ ఎలిమెంటరీ క్లాసు. నాలుగు తీగల శ్రుతి ఎట్లా అంటే, ఒక్కో తీగ దాని ముందుదాన్ని షడ్జమం అనుకుంటే దానికి శుద్ధ మధ్యమం. ఇది నేనే కనిపెట్టి చెబితే మనవడు రెండు నిమిషాలు వేళ్లు లెక్కపెట్టి, "కరెక్టే తాతా" అన్నాడు. తీగ నొక్కితే వేలు తెగినంత పనయింది. నాలుగు అడుగుల నడక ఒకటి నేర్పాడు, దాన్ని నెల రోజులు నడిచాను. ఒక్క చోట మాత్రం ఇద్దరికీ కుదరలేదు. వాళ్లు చప్పట్లు రెండో దెబ్బకూ నాలుగో దెబ్బకూ వేస్తారు. నా చెయ్యి ఒకటో దెబ్బకే పోతుంది. అరవై ఏళ్లుగా వింటున్న సమం అక్కడుంటే ఎక్కడికి పోతుంది? వాడు ఆది తాళం వేస్తే రెండుకూ నాలుగుకూ ఊగుతాడు, నేను జాజ్ వింటే ఒకటికి తల ఊపుతాను. మా ఆవిడ ఇద్దర్నీ చూసి, "ఒకరు ఇటు, ఒకరు అటు, మధ్యలో నేను పప్పు రుబ్బుతాను" అని రోలు దగ్గరికి పోయింది.

ఆ మూడు నెలలూ పాఠం ఫోనులో. స్పీకరు పెట్టి వాయించేవాణ్ని, ఆయన అటునుంచి వినేవారు. రోజూ ఒకటే మాట: "ఎడమ చెయ్యి పడటంలే సార్." నేను ఇంకా గట్టిగా కొట్టేవాణ్ని. ఇంకా రవ్వ పెట్టేవాణ్ని. అరచెయ్యి వాచింది. పదేళ్ల కష్టం పోయిందని దిగులు పట్టుకుంది. నెల తర్వాత మనవడు విని, "తాతా, ఫోను కింది శ్రుతులను మోయదు, మాటకు కావలసినంతే మోస్తుంది. మీరు ఎంత కొట్టినా ఆయనకు వినపడదు" అని చెప్పాడు. ఆ మాట ఆయనకు చెబితే అటువైపు చాలాసేపు నిశ్శబ్దం. తర్వాత అన్నారు: "అట్లయితే ఇన్ని దినాలు మిమ్మల్ని ఊరికే తిట్టినాను సార్. తప్పయింది."

ఆయన నాకు తప్పయిందన్నారు! ఫోను పెట్టేశాక మనవడు, "ఎందుకు తాతా, కళ్లు తుడుచుకుంటున్నారు?" అని అడిగాడు. వాడికి నోటు ఫైలు సంగతి మొదటినుంచి చెప్పాల్సి వచ్చింది. శ్రద్ధగా విని, "క్యుములేటివ్ ఎఫెక్ట్ అంటే ఏంటి?" అన్నాడు.

ఇప్పుడు నాకు 75. కచేరీ చేసేటంత రాలేదు, రాదు కూడా. భజనలో కూర్చోబెడితే కాలం పరుగెత్తకుండా పట్టుకోగలను. చలికాలంలో కుడి చేతి ఉంగరపు వేలు కొంచెం మొండికేస్తుంది. ఎడమ చెయ్యి ఫరవాలేదు. వారానికి రెండు రోజులు ఇప్పటికీ ఆయన ఇంటికి పోతాను. ఈమధ్య పెళ్లిళ్లకు డీజేలు వచ్చాయి, మేళాలు తగ్గాయి. ఆయన పొద్దున గుళ్లో ఒక్క పూట డోలు వాయిస్తున్నారు. కిందటి వైశాఖంలో ఒక మేళంవాళ్లు మనిషి తక్కువై ఆయన్ని పిలిచారు. పోయి వాయించి వచ్చారు. సంచి మోయడానికి నేను వెంట పోయాను. గట్టిమేళం అప్పుడు చూడాలి ఆయన్ని.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు. కార్యక్రమంలో తర్వాతి అంశం మన సంఘం సోదరి ఒకరి పాట. ఆమెకు మృదంగం నేను, తాళం ఆయన. వెనక వరసలోంచి లేచి రావాలని అందరి ముందూ కోరుతున్నాను. ఈ హాల్లో ఫ్యాన్లు జోరుగా తిరుగుతున్నాయి, రవ్వ అప్పుడే పెచ్చులు లేస్తోంది. ఎవరైనా ఒక గ్లాసు నీళ్లిప్పించండి.